బొంత కడుపులో వైరు

మా ఇంట్లో బొంతల గదికి ఒకే ఒక స్విచ్చుబోర్డు ఉండేది. అదీ చేతికందని ఎత్తులో. ఫ్యాను వేయాలంటే స్టూలెక్కాలి, లేదా చీపురుకట్ట తిరగేసి పొడవాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆ బోర్డును చూసి, ఈ ఇంట్లో మనుషులు పూర్వం ఎంత పొడుగ్గా ఉండేవాళ్ళో అనుకుని ఉంటారు.

అసలు సంగతేమిటంటే, అది ఒకప్పుడు చెనక్కాయల గది. మా మామ బతికున్న రోజుల్లో గోడ పొడవునా మూటలు పేర్చేవాళ్ళు. ఆ మూటల ఎత్తు చూసుకుని, దానికి ఒక జానెడు పైన బోర్డు పెట్టించాడాయన. తర్వాత వానలు తగ్గుతూ వచ్చాయి, మూటలు తగ్గుతూ వచ్చాయి. ఒక ఏడు గదిలో నేల కనిపించింది. బోర్డు మాత్రం పైనే ఉండిపోయింది. ఖాళీ అయిన గదిలో మోటారు సామాన్లు పెట్టుకుంటానని మా ఆయన, బొంతలు కుట్టుకుంటామని నేనూ మా అత్తా పట్టుబట్టాం. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఒకమాట మీద నిలబడటం అదే మొదలు కాబట్టి ఆయన భయపడి ఒప్పుకున్నాడు.

గది దొరికింది గానీ కరెంటు దొరకలేదు. నా కుట్టుమిషను మోటారుకు, ఇస్త్రీ పెట్టెకు, టేబుల్ ఫ్యానుకు, మా అత్త సెల్లుకు అన్నింటికీ ఆ ఒక్క ప్లగ్గే దిక్కు. దానికి ఒక జంక్షన్ బాక్సు తగిలించి, అది కిందపడకుండా చీర పేలికతో మేకుకు కట్టాను. అక్కడినుంచి వైర్లు నలుదిక్కులకూ వేలాడేవి. ఇస్త్రీ పెట్టె పెడితే ఫ్యాను నీరసపడేది. ఫ్యాను వేస్తే మా అత్త సెల్లు పిన్ను ఊడేది. సెల్లులో హరికథ సగంలో ఆగితే ఆమె నన్నే చూసేది. మేడెక్కితే ఉరవకొండ దిక్కున గాలిమరలు తీరిగ్గా తిరుగుతూ కనిపిస్తాయి. అంత కరెంటు తయారవుతూ ఉంటే, ఇక్కడ ఒక ప్లగ్గు కోసం ఇద్దరు ఆడవాళ్ళం కొట్టుకుంటున్నామే అని నాకు ఒళ్ళు మండేది.

"ఇది గదినా, సాలెగూడా?" అనేవాడు మా ఆయన గడపలో నిలబడి. లోపలికి వచ్చే ధైర్యం మాత్రం చేసేవాడు కాదు. వైర్లకు భయపడి కాదు, బొంతకు భయపడి.

బొంత విషయంలో మా అత్త పెట్టిందే చట్టం. పాత చీరలు పొరలు పొరలుగా నేలమీద పరిచాక, నాలుగు వైపులా కుట్టు పడేదాకా దాన్ని కదిలించకూడదు. కదిలిస్తే పొరలు జరిగిపోతాయి. పరిచిన బొంతను తొక్కకూడదు, దాటకూడదు. గదిలో ఈ మూలనుంచి ఆ మూలకు పోవాలంటే గోడవారగా చుట్టూ తిరిగి పోవాలి. ఒకసారి బొంత మీద నడిచిపోయిన కోడిని ఆమె తిట్టిన తిట్లు విని వీధిలో పోయేవాళ్ళు ఎవరి ఇంట్లోనో పెద్ద గొడవ అనుకున్నారు. చివరి మూల మూసేముందు అందులో జొన్నరొట్టె తునక ఒకటి పెడుతుంది. బొంత కడుపు ఖాళీగా ఉంటే కప్పుకున్నవాళ్ళకు నిద్ర పట్టదట. పామిడి నైటీల అంగళ్ళలో మిగిలిన ముక్కలు తెచ్చి నేను మిషను మీద కుట్టేవాటికి ఆమె దగ్గర ఈ మర్యాదలేవీ లేవు. వాటిని ఆమె దుప్పట్లు అంటుంది. బొంత అనదు.

ఆమె చోటు వాకిలి పక్కన. గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారచాపి కూర్చుంటుంది. వాకిట్లోంచి వెలుతురు నేరుగా ఒళ్ళో పడేది. అయితే రెండు వేసవుల కిందట మా ఆయన ఎండ తట్టుకోలేక వాకిలి ముందర రేకుల పందిరి వేయించాడు. చల్లదనం వచ్చింది, వెలుతురు పోయింది. ఆ వెలుతురుతోపాటే మా అత్త కుట్టు కూడా చెదరడం మొదలైంది.

మొదట ఆమె సూదిని తిట్టింది. తర్వాత దారాన్ని తిట్టింది. మబ్బు లేని రోజున మబ్బును కూడా తిట్టింది. దారం ఎక్కించమని అడిగేముందు వక్కాకు చేతిలోకి తీసుకునేది. "చేతులు ఖాళీ లేవమ్మే, కొంచెం ఎక్కియ్యి" అనేది. ఒక కంటికి ఆపరేషను అయింది. రెండో కంటికి ఇక చేసేదేమీ లేదని, మంచి వెలుతురులో కూర్చుంటే మాత్రం కుట్టుపని చేసుకోవచ్చని డాక్టరు చెప్పాడు. దీపం తెస్తానంటే ఆమె వినలేదు.

"పట్టపగలు దీపం పెట్టుకొని కూర్చుంటే వచ్చేవాళ్ళు పొయ్యేవాళ్ళు ఏమనుకుంటారు? ముసిల్దానికి కండ్లు పోయినాయని ఊరంతా చాటల్లనా?"

ఒకరోజు తన పాత చీరలన్నీ ముందరేసుకుని ఏరుతూ, మామూలు మాట చెప్పినట్టు చెప్పింది.

"ఈ బొంత నా చీరలతో నాకే కుట్టుకుంటా. దీంతో చాలు. అయిపోతానే సూది నీకిచ్చేస్తా."

నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు సూది ఎటునుంచి పట్టుకోవాలో తెలియదు. వేళ్ళ మీద కొట్టి నేర్పింది. మేమిద్దరం మనుషుల్లా మాట్లాడుకోవాలంటే మధ్యలో బొంత ఉండాలి. చెరోవైపు కూర్చుని, తలలు వంచుకుని, పుట్టింటి సంగతులు, ఊరి సంగతులు, మా ఆయన మీద చాడీలు అన్నీ ఆ బొంత మీదుగానే నడుస్తాయి. బొంత లేకపోతే వంటింట్లో ఎదురుపడతాం. అక్కడ మాకు పడదు. ఆమె సూది దించేస్తే ఆ గది నాకు మిషను ఉన్న గది అవుతుంది, అంతే. అందుకే, ఆమెకు తెలియకుండా ఆమె చోటుకు వెలుతురు తేవాలని నిశ్చయించుకున్నాను.

కరెంటు పని చేసే అబ్బిని పిలిపించాను. డ్రిల్లింగ్ మిషను బండికి కట్టుకుని పామిడి నుంచి వచ్చాడు. వైర్లన్నీ చూసి చేతులు జోడించాడు.

"ఏమక్కా, ఇంతకాలం ఎట్ల బతికినారు ఈ గదిలో?"

గోడకు బెజ్జం వేయబోతే డ్రిల్లు కీచుమంది గానీ దిగలేదు. రాయి, మట్టి కలిపి కట్టిన పాతకాలం గోడ. "ఇది గోడ గాదక్కా, కొండ" అన్నాడు. నేల కిందుగా పైపు పంపిద్దామంటే నేలంతా తాడిపత్రి బండలు. వాటిని లేపితే నన్నూ లేపుతానన్నట్టు చూశాడు మా ఆయన. చివరికి గోడ పైపైన పైపులు బిగించి లాగుదామని తేలింది. బోర్డులు ఎక్కడెక్కడ కావాలో గుడ్డల మీద గీతలు గీసే సుద్దతో గోడ మీద గుర్తులు పెట్టాను. మిషను పక్కన ఒకటి. ఇస్త్రీ బల్ల దగ్గర పెద్ద ప్లగ్గు ఒకటి. ఫ్యానుకు ఒకటి. నాలుగోది, ఏమీ ఎరగనట్టు, మా అత్త చోటు పక్కన నేలకు దగ్గరగా పెట్టాను.

సూది బెజ్జం కనపడని ఆ కళ్ళకు ఆ గుర్తు మాత్రం ఎట్లా కనిపించిందో!

"ఏమ్మే, నా ఈపు కాడ ఆ గీతేంది?"

"నీ సెల్లు చార్జింగుకు అత్తా."

"సెల్లు ఆడ ఫ్యాను కాడ పెట్టుకుంటా. ఈడొద్దు."

నేను ఇంకో అబద్ధం వెతుక్కునేలోపల ఆ అబ్బి నోరు జారాడు. "అట్ల గాదవ్వా, నువ్వు ల్యాంపు పెట్టుకోవల్లంటే ఈడ పాయింటు ఉండల్ల గదా. నీకు కండ్లు సరిగా..." అని నా మొహం చూసి ఆగి, డ్రిల్లులో ఏదో చెడిపోయినట్టు దాన్ని తిప్పి తిప్పి చూడసాగాడు.

"నా కండ్లకేమైందిరా? నువ్వు ఒకపక్క గడ్డం గీసుకొని ఇంకోపక్క మరిచిపోయి వచ్చినావు. అది కూడా కనపడ్తాండాది నాకు."

ఆ అబ్బి గడ్డం తడుముకున్నాడు. నిజమే. కుడివైపు అట్లాగే ఉంది. మా అత్త లేచి, కొంగుతో ఆ సుద్దగీతను తుడిచేసింది. "కరెంటు పెట్టిన గోడకు ఈపు ఆనిచ్చి కూర్చుండేదానికి నాకేమన్నా పిచ్చినా?" అని మళ్ళీ అదే చోట కూర్చుంది. మూడు గోడలకు బోర్డులు వచ్చాయి. ఆమె గోడ ఖాళీగా మిగిలింది.

నేను కూడా మొండిదాన్నే. అనంతపురం పోయి మెడ వంగే టేబుల్ ల్యాంపు ఒకటి, దాని వైరు చాలదని అంగట్లోనే పొడుగాటి వైరు వేయించి కొనుక్కొచ్చాను. మిషను దగ్గరి బోర్డుకు తగిలించి, వైరును గది అడ్డంగా లాగి, మా అత్త చోటు పక్కన బోర్లించిన బకెట్టు మీద దీపం పెట్టాను.

"నాకే అత్తా. కండ్లు లాగుతాండాయి."

"ఈ వయసుకేనా?" అంది. ఆ మాటలో జాలి కన్నా సంతోషమే ఎక్కువగా వినిపించింది. "నీకైతే నీ పక్కన పెట్టుకో. నా పక్కన ఏంటికి?"

"దగ్గర పెట్టుకుంటే కండ్లలో కొడ్తాండాది. దూరం నుంచి అయితే బాగుండాది."

దీపం మెడ వంచి, వెలుతురు ఆమె ఒళ్ళో పడేట్టు తిప్పి, నేను ఎదురుగా చీకట్లో కూర్చుని సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడ్డాను. బొంతకు వేసే చీరల చిరుగులకు మాసికలు వేసిన ఆ కొన్నాళ్ళూ ఇదే వరస. నాటకం నాటకంలా ఉండాలి కదా అని, సాయంత్రం కాగానే "నా దీపం" అంటూ ఎత్తుకుపోయి మిషను పక్కన పెట్టుకునేదాన్ని. పొద్దున మళ్ళీ తెచ్చి బకెట్టు మీద పెట్టేదాన్ని. ఆమె ఓరకంట చూసేది.

బొంత పరిచే రోజు పక్కింటి అక్క కూడా వచ్చింది. ముగ్గురం చీరలు ఒకదాని మీద ఒకటి పరుస్తున్నాం. వైరు అందరి కాళ్ళకూ తగులుతోంది. అక్క ఒకసారి తట్టుకుని పడబోయింది. అప్పుడు నాకు మహా గొప్ప ఆలోచన వచ్చింది. ఈ గదిలో ఎవరూ కాలు పెట్టని చోటు ఏది? బొంత. తొక్కకూడదు, దాటకూడదు. అక్కడుంటే వైరుకు ఏ భయమూ లేదు. పై చీర ఎత్తి, వైరును దాని కిందికి తోసి, మళ్ళీ పరిచేశాను. కుట్టు మొదలయ్యేముందు తీసేద్దామనే అనుకున్నాను. ఇంతలో పాలవాడు పిలిచాడు. వచ్చేసరికి మా అత్త తన వైపు కుట్టు మొదలుపెట్టి ఉంది. వైరు సంగతి నా బుర్రలోంచి ఎగిరిపోయింది.

ఆ రోజులు బాగా గడిచాయి. పనిలో పడి, సాయంత్రం దీపం ఎత్తుకుపోయే నాటకం కూడా మరిచిపోయాను. ఒకవైపు నేను, ఒకవైపు అక్క, వాకిలి వైపు మా అత్త. అంచులనుంచి లోపలికి కుట్టుకుంటూ వస్తున్నాం. మధ్యలో ఒకచోట నా సూదికి ఏదో గట్టిగా అడ్డం తగిలింది. చీర అంచు మడతపడి ఉంటుందని పక్కనుంచి దించాను. అక్కకూ తగిలిందట. పట్టు అంచు అనుకుందట. మా అత్త మాత్రం ఎన్నడూ లేనిది హరికథ కూడా పెట్టుకోకుండా దీపం కింద తల వంచి కుట్టింది. ఆ బొంత మొత్తానికీ ఆమె ఒక్కసారి కూడా చేతిలోకి వక్కాకు తీసుకోలేదు. నేను గమనించాను గానీ, పంటి నొప్పేమో అనుకున్నాను.

చివరి మూలలో రొట్టె తునక పెట్టి, మూసి, దారం కొరికింది. మడత పెడదామని నేను లేచి, ముందు దీపం ప్లగ్గు పీకి వైరు లాగాను. బొంత నా వెంట వచ్చింది.

ఇంకొంచెం గట్టిగా లాగాను. బొంత నడిమికి పైకి లేచింది, అవతల బకెట్టు మీద దీపం బోర్లా పడింది. అక్క "అయ్యో" అంది. గడపలో ఉన్న మా ఆయన ఎప్పుడూ లేనిది లోపలికి వచ్చి, పట్టుకుని చూసి, నేల మీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టాడు.

"రొట్టె తునక చాలదని కరెంటు గూడా పెట్టినారా దీని కడుపులో? ఇంక చలికాలం బయం లేదు, ప్లగ్గు పెట్టుకొని పండుకోవచ్చు."

నాకు నవ్వు రాలేదు. కరెంటు పారే వైరు చుట్టూ ఇన్నాళ్ళు ముగ్గురం సూదులు దింపామని అప్పుడు తట్టింది. భయం కాస్త తగ్గాక, ఎవరి తప్పు అనే గొడవ మొదలైంది. "ల్యాంపు నీది" అంది అక్క. "సూది నీది గూడా ఉండాది గదక్కా" అన్నాను. సరే, ఎవరి కుట్టు ఎట్లా ఉందో చూద్దామని వైరు వెంబడి తడుముతూ పోయాం. నా వైపు కుట్లు వైరు దగ్గరికి వచ్చి తడబడి, వంకరగా దాటాయి. అక్కవి మరీ ఘోరం, వైరును దారంతో కట్టేసినట్టున్నాయి. అక్కడినుంచి వాకిలి వైపు వచ్చాం.

వాకిలి వైపు వైరుకు రెండు పక్కలా రెండు వరసలు ఉన్నాయి. గీత గీసినట్టు తిన్నగా, నువ్వు గింజంత కుట్లు. లంగాకు నాడా పోయే దారిలా, వైరు పట్టేంత జాగా వదిలి, అంచుదాకా కుట్టి ఉంది. ఏదో మడత అనుకుని కుట్టింది కాదు అది. చూసి కుట్టింది. బాగా చూసి కుట్టింది.

మా అత్త బోర్లాపడిన దీపాన్ని నిలబెడుతోంది.

"అత్తా, నీకు తెలుసునా దీంట్లో వైరు ఉండాదని?"

"తెలీకేం? కనపడ్తాండె గదా."

"మరి చెప్పల్ల గదా! కుట్టేస్తే ఎట్ల?"

ఆమె దీపం మెడ సరిచేసింది. బల్బు మీద దుమ్ము కొంగుతో తుడిచింది. ఆ తర్వాత నా వైపు చూడకుండా అంది.

"పొద్దు మునగతానే నా దీపం నా దీపం అని ఎత్తకపోతాంటివి. ఈడ్నే ఉండనీలే అని కుట్టినా."

మా ఆయన నవ్వు ఆపేశాడు. నాకు ఏడుపు, నవ్వు ఒకేసారి వచ్చాయి. దీపం కావాలని ఒక్కమాట అడగలేక, దాన్ని బొంతకేసి కుట్టేసుకుంది ఆ మనిషి. పైగా అడగకుండా ఇవ్వాలని నేను ఆడిన నాటకమంతా ఆమెకు మొదటి రోజునుంచే తెలుసు.

మర్నాడు కరెంటు అబ్బి మళ్ళీ వచ్చాడు. ఈసారి గడ్డం రెండు వైపులా గీసుకున్నాడు. జరిగింది విని ముగ్గురినీ వరసగా తిట్టాడు. "సూదికి కరెంటు కొట్టింటే ముగ్గుర్నీ ఇదే బొంతలో చుట్టుకొని ఎత్తకపోయిందురు గదక్కా!" అన్నాడు. తర్వాత దీపం వైపు వైరు కత్తిరించి, ప్లగ్గు వైపునుంచి లాగాడు. అది నా కుట్ల దగ్గర మొరాయించింది. అక్క కుట్ల దగ్గర పూర్తిగా ఇరుక్కుంది. కత్తెర తెచ్చి నా కుట్లూ అక్క కుట్లూ ఊడదీయాల్సి వచ్చింది. ఆ తర్వాత మా అత్త కుట్టిన దారిలోంచి అది జర్రున జారి వచ్చేసింది. మా అత్త అంతసేపూ తలుపుకు ఆనుకుని, ఎవరి కుట్టు ఎంత అన్న సంగతి అందరికీ బాగా తెలిసేదాకా చూసింది.

తర్వాత మిషను మీదున్న నా సుద్ద తీసుకుంది. తన చోటులో కూర్చుని, వీపు గోడకు ఆనించి, చెయ్యి చాపి, ఎక్కడిదాకా అందుతుందో చూసుకుని అక్కడ ఒక గీత గీసింది.

"ఈడ పెట్టురా. రెండు పెట్టు."

"రెండోది ఏంటికవ్వా?"

"సెల్లు చార్జింగుకు" అంది నా వైపు చూస్తూ.

సాయంత్రానికి పాయింట్లు బిగించి, దీపానికి కొత్త వైరు వేసి ఆ అబ్బి వెళ్ళిపోయాడు. గది మధ్యలో ఒక్క వైరు కూడా లేదు. ఊడదీసిన కుట్లు మళ్ళీ వేసి, బొంత మడతపెట్టి మంచం మీద పెట్టాను. ఇచ్చిన మాట నాకు గుర్తుంది. ఆమెకూ గుర్తుండే ఉంటుంది. నాకు భయంగానే ఉంది. అయినా తెగించి చెయ్యి చాపాను.

"బొంత అయిపోయింది గదత్తా. సూది ఇస్తానంటివి, ఇయ్యి మరి."

ఆమె కొత్త స్విచ్చు వేసింది. స్టూలు లేదు, చీపురుకట్ట లేదు. కూర్చున్నచోటినుంచే వేసింది. జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీసి, దీపం కిందికి తెచ్చి, దారం కొస నోట్లో తడిపి, నేను చూస్తుండగానే ఎక్కించింది. మొదటిసారికే ఎక్కింది.

"దారం ఎక్కిచ్చేసినా గదమ్మే, ఇప్పుడెట్ల ఇయ్యల్ల?" అంది. "పోయి నీ పాత చీరలు ఏమేముండాయో ఎత్తకరాపో."